వచ్చినాడు – వచ్చుండాడు

ఇంగ్లీషులో క్రియలకు పన్నెండు కాలాలని మా చిన్నప్పటి వ్యాకరణం పుస్తకం చెప్పేది. మా అనంతపురంలో ఉన్నవి రెండే కాలాలు. ఒకటి ఎండాకాలం, రెండోది వానకోసం ఎదురుచూసే కాలం. ఏడాది మొత్తం మీద ఇరవై రెండు అంగుళాల వాన పడిందంటే ఆ ఏడు మాకు లోటు లేనట్లే. అలాంటి సీమలో పుట్టిన పిల్ల చేతికి పన్నెండు కాలాలు ఒక్కసారిగా ఇచ్చి అప్పజెప్పమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

1967లో నేను ఎనిమిదో తరగతి. మా పల్లె నుంచి బడికి రెండు మైళ్ళ నడక. తరగతిలో ఆడపిల్లలం నలుగురం. ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసి, పక్కనే తెలుగు అర్థాలు రాశారు. హి కమ్స్ – వాడు వచ్చును. హి ఈజ్ కమింగ్ – వాడు వచ్చుచున్నాడు. హి కేమ్ – వాడు వచ్చెను. హి హాజ్ కమ్ – వాడు వచ్చియున్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ఇంగ్లీషు కంటే ఆ తెలుగే అర్థం కాలేదు. మా ఇంట్లో ఎవరి నోటా 'వచ్చియున్నాడు' అన్న మాట నేను విని ఎరగను. "వచ్చెనుకూ వచ్చియున్నాడుకూ తేడా ఏమిటి?" అని మాస్టారు నన్ను లేపారు. "రెండూ ఒకటే కదా సార్" అన్నాను. వేళ్ళ కణుపుల మీద స్కేలు పడింది. దెబ్బ కంటే, మగపిల్లలు నవ్విన నవ్వు ఎక్కువ నొప్పి పెట్టింది.

సాయంత్రం ఏడుపు మొహంతో ఇల్లు చేరేసరికి మా జేజి గడపలోనే ఎదురైంది. "మీ మామ వచ్చుండాడు. బిరీన కాళ్ళు కడుక్కోని లోపలికి పో, కాఫీ నీళ్ళు పెట్టల్ల" అంది.

నేను ఆగిపోయాను. "జేజీ, మొన్న కూడా మామ వచ్చినాడు అన్నావు కదా. ఈ పొద్దు వచ్చుండాడు అంటావేమి?" అని అడిగాను.

జేజి నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది. "మొన్న వచ్చినాడు, ఎద్దుల్ని చూసుకోని పోయినాడు. ఈ పొద్దు వచ్చుండాడు. ఇంట్లో ఉండాడు కాబట్టే కదే కాఫీ పెట్టమనేది!"

అంతే. స్కేలు దెబ్బకు ఎక్కనిది కాఫీ నీళ్ళకు ఎక్కింది. వచ్చినాడు అంటే రావడం జరిగింది, ఆ తర్వాత ఉన్నాడో పోయాడో మనకనవసరం. వచ్చుండాడు అంటే వచ్చి ఉండాడు. ఆ రాక తాలూకు ఫలితం ఇంకా ఇంట్లో కూర్చొని ఉంది. హి కేమ్, హి హాజ్ కమ్. ఆ రాత్రి బుడ్డీ దీపం దగ్గర ఒక్కొక్కటే సరిచూసుకొన్నాను. 'వస్తాండాడు' అంటే హి ఈజ్ కమింగ్. వస్తా ఉండాడు అని విడదీసి చూస్తే ఆ 'ఉండాడు' అచ్చంగా వాళ్ళ 'ఈజ్'. నిన్న సంతకు 'పోయింటి' అంటే హ్యాడ్ గాన్. కోస్తా జిల్లాల చుట్టాలు విని నవ్వే మా మొరటు యాస లోపల ఇంగ్లీషు కాలాలు ఇంత సర్దుగా పెట్టిపెట్టి ఉన్నాయని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అక్షరం ముక్క రాని మా జేజి చెప్పింది.

ఈ సంగతి ఇన్నాళ్ళకు ఎందుకు గుర్తొచ్చిందంటే, దానికో పాత కాగితం కారణం. బ్రిటిషు వాళ్ళ కాలంలో మన నాటు బళ్ళ గురించి కలెక్టర్లు రాసిన నివేదికలన్నీ ధర్మపాల్ అనే ఆయన వెదికి పట్టి 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంగా వేశారు. అందులో బళ్ళారి కలెక్టరు 1823 ఆగస్టులో రాసిన ఉత్తరం ఉంది. బళ్ళారి అంటే మనదే లెండి. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ధారపోశాడు. ఆ తర్వాత చాలాకాలం అనంతపురం, గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుగొండ ఇవన్నీ బళ్ళారి జిల్లాలోవే. అనంతపురం విడిగా జిల్లా అయింది 1882లో.

దత్తమండలాలకు మొదటి పెద్ద కలెక్టరు థామస్ మన్రో. ఆ మన్రోయే తర్వాత మద్రాసు గవర్నరై, బళ్ళు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరు చదువుతున్నారో లెక్క తీయమని 1822 జూన్‌లో జిల్లాలన్నిటికీ తాఖీదు పంపాడు. దానికి బళ్ళారి నుంచి జవాబు రాసిన కలెక్టరు పేరు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్. ఈయన ఉత్త కలెక్టరు కాదు. కంపెనీ కొలువులో చేరే ఇంగ్లీషు కుర్రవాళ్ళ కోసం 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. అంటే మనం వాళ్ళ క్రియలతో కుస్తీ పట్టకముందే, మన క్రియలతో వాళ్ళ పిల్లలు కుస్తీ పట్టారన్నమాట! 'వచ్చెను, వచ్చుచున్నాడు' అని దొరల పిల్లలు మద్రాసు కోటలో వల్లె వేస్తుంటే చూడాలని ఉంటుంది నాకు.

ఇక కాంప్‌బెల్ దొర తేల్చిన లెక్క వినండి. జిల్లాలో జనం 9,27,857. బళ్ళు 533. వాటిలో కన్నడం బళ్ళు 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, సంస్కృత శాస్త్రాలు చెప్పేవి 23. ఇంగ్లీషు బడి జిల్లా అంతటికీ ఒకే ఒక్కటి. చదివేవాళ్ళు మొత్తం 6,641 మంది. వెయ్యిమందికి ఏడుగురి లెక్క. ఆ ఆరువేల చిల్లరలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై.

ఆ బళ్ళలో చదువు ఎలా సాగేదో కూడా ఆయన ఓపిగ్గా రాశాడు. అయిదో ఏట పిల్లవాడికి అక్షరాభ్యాసం. పంతులు, తోటి పిల్లలు ఇంటికొస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చొంటారు. బియ్యంలో పిల్లవాడి వేలుపెట్టి దిద్దిస్తారు. తర్వాత ఇసుకలో ఓనమాలు. ఆ తర్వాత కడితం. ఇప్పటివాళ్ళకు కడితం తెలియదు. గుడ్డకు గంజి, బొగ్గుపొడి పట్టించి, ఎండబెట్టి, మడతలు మడతలుగా పెట్టుకొనే నల్లటి పుస్తకం. బలపంతో రాయడం, తుడిచి మళ్ళీ రాయడం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. ఈ పద్ధతిని కాంప్‌బెల్ మనసారా మెచ్చుకొన్నాడు. మెచ్చుకోడా మరి! మద్రాసులో అనాథబాలుర ఆశ్రమం చూసిన ఆండ్రూ బెల్ అనే మతగురువు ఈ ఇసుక రాతనూ, పిల్లల చేత పిల్లలకు చెప్పించడాన్నీ ఇంగ్లండుకు తీసుకుపోతే, అక్కడ అది 'మద్రాసు పద్ధతి' అనే పేరుతోనే చెల్లుబాటైంది.

అయితే కాంప్‌బెల్ ఒక లోపం కూడా పట్టుకొన్నాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గానీ, వాటి అర్థం వాళ్ళకు తెలియదు. ఆ పద్యాల భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు అని. ఆ ముక్క చదివినప్పుడు నా వేళ్ళ కణుపులు మళ్ళీ చురుక్కుమన్నాయంటే నమ్మండి. 1823లో పద్యాలు, 1967లో ఇంగ్లీషు కాలాలు. పాఠం మారింది గానీ, ఇంటి మాటను గడప బయట వదిలి రమ్మనే అలవాటు మారలేదు.

ఆయన ఇంకో మాట కూడా దాచకుండా రాశాడు. బళ్ళు తగ్గిపోతున్నాయనీ, దేశం మెల్లమెల్లగా బీదదై పోవడమే దానికి కారణమనీ. విలాయతీ బట్టలొచ్చి ఇక్కడి నేతగాళ్ళ బతుకు చెడిందనీ, కాళ్ళూ చేతులూ ఆడే పిల్లవాడు బడికంటే పనికే అవసరమయ్యాడనీ కంపెనీ కలెక్టరే ఒప్పుకొన్నాడు. ఇక ఆ ఇంట్లో ఆడపిల్ల మాట అడిగేదెవరు?

ఇలాంటి కరువు సీమలో మా మాస్టారు విశేషణాల్లో తరతమ భేదాలు నేర్పారు. బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్. తెలుగులో విశేషణానికి ఇలా తోకలు లేవు. మనం 'కంటే', 'కన్నా' అని పక్కన ఇంకో వస్తువును నిలబెట్టి చూపిస్తాం. జేజిని అడిగితే అదీ తేలిగ్గానే చెప్పింది. "గంజికరువు పెద్దదే. దానికన్నా మా అవ్వ చెప్పిన ధాత కరువు పెద్దది. అన్నిటికన్నా పెద్దది ఏదంటావా? నీ బిడ్డ ఆకలంటాంటే కుండలో ఏమీ లేకపోతే, అదే అన్నిటికన్నా పెద్దది." గంజికరువు 1950ల తొలి ఏళ్ళది, ఊరూరా గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించారు. ధాత నామ సంవత్సరపు కరువు 1876లో మొదలై 1878 దాకా ఈ సీమను తుడిచిపెట్టింది. తరతమ భేదాలకు ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

విశేషణాల్లో మన తెలుగుకు ఒక గొప్ప ఉంది. పెద్ద, చిన్న, మంచి, చెడ్డ లాంటివి కొన్నే ఉన్నా, మనం క్రియలోంచే విశేషణం తీస్తాం. ఎండిన చెరువు, పండిన చేను. జరగని పనిలోంచి కూడా తీస్తాం. కురవని మబ్బు, మొలవని విత్తనం, బడికి పోని పిల్ల. 'బడికి పోని పిల్ల' అనడానికి ఇంగ్లీషువాడు 'ఎ గర్ల్ హూ డజ్ నాట్ గో టు స్కూల్' అని అంత దూరం నడవాలి. మనకు మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలూ ఇక్కడ ఎంతమందికి అతికాయో ఆ అరవై అనే అంకె చెబుతుంది.

పుస్తకం భాషకూ నోటి మాటకూ ఉన్న ఈ ఎడం దొరలకూ తగిలింది. కాంప్‌బెల్ వ్యాకరణం ఎక్కువగా పండితుల లక్షణ గ్రంథాల మీద నడిచింది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ జనం మాట్లాడే మాటను చెవినిబెట్టి, 1840లో అచ్చయిన తన వ్యాకరణంలో దానికీ చోటిచ్చాడు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే బడుల తనిఖీ అధికారి తెలుగు నేర్చుకోబోయి తికమకపడ్డాడు. పుస్తకంలో ఒక భాష, బజార్లో ఒక భాష ఎందుకుంది అని గిడుగు రామమూర్తి పంతులుగారిని అడిగాడు. ఆ ప్రశ్నే పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమానికి పురికొల్పింది. చూశారా, పరభాష నేర్చుకోవాలన్న తంటాలోంచే మన భాష గురించిన పెద్ద ప్రశ్న పుట్టింది!

మా అనంతపురానికీ ఈ కథలో ఒక పాత్ర ఉంది. 1916లో ఇక్కడ దత్తమండల కళాశాల పెట్టారు. అందులో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారే 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి 'రాయలసీమ' అని పేరు పెట్టింది. 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసిందీ ఆయనే. మాకు పేరిచ్చిన మనిషి మాటల చరిత్ర రాసిన మనిషి కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంటికి సాయంత్రాలు ఒక పిల్ల వస్తుంది. మాకు పనిలో సాయం చేసే ఆమె కూతురు, పదో తరగతి. బడి వాళ్ళు ఇంగ్లీషు మీడియం అంటారు. ఆ పిల్ల పన్నెండు కాలాల పట్టికను ఊపిరి తిప్పుకోకుండా అప్పజెబుతుంది. "మీ అమ్మ వచ్చిందా అని అడిగితే ఇంగ్లీషులో ఏమంటావు?" అంటే నోరు పెగల్లేదు. "పుస్తకం మూసెయ్. మీ ఇంట్లో ఎట్ల అంటారో అట్ల చెప్పు" అన్నాను. "మాయమ్మ వచ్చుండాది" అంది సిగ్గుపడుతూ. "ఆ సిగ్గు తీసి అవతల పెట్టు. వచ్చుండాది, హాజ్ కమ్" అన్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఆ పొద్దు రెండు గంటలసేపు వంటింటి పనులన్నిటినీ అన్ని కాలాల్లోనూ తిప్పాం. ఉడుకుతాండాది, ఉడికింది, ఉడికుండాది.

ఒక్కచోట మాత్రం ఇద్దరం ఆగిపోయాం. 'వాన వస్తాది' అన్న వాక్యం దగ్గర. మన తెలుగులో రోజూ జరిగేదానికీ, రేపు జరగబోయేదానికీ ఒకటే మాట. 'వంట చేస్తాను' అంటే రోజూ చేస్తాననీ, ఇకముందు చేస్తాననీ కూడా. చిన్నయసూరి 'బాలవ్యాకరణం'లో భవిష్యత్తుకు తోడుగా తద్ధర్మం అని ఇంకోటి చెప్పాడు గానీ, నోటి మాటలో రెండూ కలిసిపోయాయి. ఇంగ్లీషువాడు ఊరుకోడు. కమ్స్ అంటావా, విల్ కమ్ అంటావా తేల్చి చెప్పమంటాడు.

"అవ్వా, ఏది రాయల్ల?" అంది పిల్ల.

కిటికీలోంచి చూశాను. ఆషాఢం మబ్బులు, పడమటి గాలి, చినుకు జాడ లేదు. "అనంతపురంలో అయితే విల్ కమ్ అనే రాయి తల్లీ" అన్నాను.

పిల్ల రాసుకొంది. పుస్తకం మూస్తూ, "మళ్ళీ రేపు వస్తా అవ్వా" అంది. అది ఏ కాలమో నేను అడగలేదు. మర్నాడు అయిదింటికి గేటు చప్పుడైంది.