సామర్లకోట నుంచి టొరాంటో దాకా

మాది కాకినాడ. మెక్లారిన్ హైస్కూల్లో చదువుకున్నవాణ్ణి. ఆ పేరు ఎవరిదో ఆ రోజుల్లో పట్టించుకోలేదు. టొరాంటోలో స్థిరపడ్డాక తెలిసింది, జాన్ మెక్లారిన్ కెనడా బాప్టిస్టు మిషనరీ అని. కాకినాడలో థామస్ గేబ్రియల్ అనే తెలుగు క్రైస్తవుడు మొదలుపెట్టిన పనికి చేయూతగా ఆయన 1874లో వచ్చారు. 1882లో సామర్లకోటలో బోధకుల కోసం సెమినరీ స్థాపించారు.

అప్పట్లో ఎవరి సంఘం వారిది, ఎవరి సెమినరీ వారిది. లూథరన్లు పసిపిల్లలకు బాప్తిస్మమిస్తారు. బాప్టిస్టులు, తెలిసి నమ్మినవారిని మాత్రమే నీట ముంచుతారు. మనలాంటి బయటివారికిది చిన్న తేడా, వారికి ప్రాణప్రదం. 1925లో కెనడాలో మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, అధికసంఖ్యాక ప్రెస్బిటేరియన్లు కలిసి యునైటెడ్ చర్చిగా ఏర్పడ్డారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం వెలిసింది. కెనడా బాప్టిస్టులు అందులో చేరలేదు, మన సర్కారు జిల్లాల బాప్టిస్టులు ఇందులో చేరలేదు.

సంఘాలు కలవలేని చోట బడి కలిపింది. 1964లో రాజమండ్రిలో లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో ఒక చూరు కిందికి వచ్చారు. తరువాత అది హైదరాబాదుకు మారింది. టొరాంటోలో కాథలిక్, ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, యునైటెడ్ చర్చి కాలేజీలు టొరాంటో స్కూల్ ఆఫ్ థియాలజీగా జతకట్టింది 1969లో. మన గోదావరి ఒడ్డే అయిదేళ్ళు ముందుందన్నమాట!

అంతమాత్రాన అన్నీ ఒకటైపోలేదు. టొరాంటోలో పాఠం ఉమ్మడి, ప్రార్థనాలయం ఎవరి కాలేజీది వారిది. పక్కపక్కన కూర్చుని కీర్తన పాడుకోవచ్చు. ప్రభు భోజనం దగ్గరికొచ్చేసరికి కాథలిక్ నియమం అడ్డుగీత గీస్తుంది. ఆ బాధను దాచిపెట్టకుండానే కలిసి చదువుకున్నారు. 2010లో ఇమ్మాన్యుయేల్ కాలేజీ ముస్లిం అధ్యయనాలను కూడా చేపట్టింది. ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చోవలసినవారికి ఆ రోగి ఏ దేవుణ్ణి పిలుస్తాడో తెలియాలి కదా!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి మన తెలుగువారి సభలో జ్యోతి ప్రజ్వలన జరుగుతుంటే నా పక్కన సామర్లకోట మిత్రుడొకాయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. క్రైస్తవులు. తెలుగు పద్యం ఆయన నోట వినాలి! శ్లోకం అయ్యేదాకా తలవంచుకుని ఉన్నారు. మరుసటి ఏడు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

శ్లోకం మానమని నేననను. అది మనది. కానీ ఆ సెమినరీలవాళ్ళు ముందు చేసింది, పక్కవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో గమనించడం. ఈసారి సభకు వచ్చేముందు ఆయనకు ఫోన్ చేశాను. వస్తానన్నారు. భోజనాల దగ్గర మీకు పరిచయం చేస్తాను.