మూడో నెల దాకా గుట్టుగా ఉంచాలా..? చుట్టాలకు చెప్పకపోయినా డాక్టర్‌కు చెప్పాల్సిందే..!

నెల తప్పింది.. ఇంట్లోనే టెస్ట్ చేసుకుంటే కార్డు మీద రెండు గీతలు కనిపించాయి. ఇక పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటే.. 'మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది' అని. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పకపోతే వచ్చే నష్టమేమీ లేదు. ఆ గుట్టు డాక్టర్ దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర కూడా పాటిస్తేనే చిక్కు. ఎందుకంటే బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే.

తొందర ఎందుకంటే..

గర్భాన్ని చివరిసారి పీరియడ్స్ వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అంటే నెల తప్పే రోజుకే దాదాపు నాలుగు వారాల గర్భం కింద లెక్క. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం ఆరో వారానికల్లా మూసుకుపోతుంది. అది సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ సాయపడుతుంది. మూడో నెలలో తీరిగ్గా మాత్రలు మొదలుపెడితే ఈ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యమైపోయినట్టే. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని, 12 వారాల దాకా ఆపొద్దని డాక్టర్లు చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు డోసు ఎక్కువ కావాల్సి రావచ్చు. అది డాక్టరే తేల్చాలి.

ఊళ్లో ఆశా కార్యకర్తల ద్వారా 'నిశ్చయ్' టెస్ట్ కిట్ ఉచితంగా ఇస్తారు. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే ఎంసీపీ కార్డు చేతికొస్తుంది. బీపీ, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, మూత్ర పరీక్షలు అప్పుడే చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అని తేలితే భర్త గ్రూప్ కూడా చూస్తారు. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్ మాత్రం మిస్ కావొద్దు.

వేవిళ్లు ఎన్నాళ్లు?

సాధారణంగా ఆరో వారం దగ్గర మొదలై మూడు, నాలుగు నెలలకు తగ్గుతాయి. పొద్దున్నే రావాలని రూలేం లేదు, సాయంత్రం కూడా వస్తాయి. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఇంకా పెరుగుతుంది. మంచం దిగకముందే రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో నోట్లో వేసుకోవాలి. ఒకేసారి కంచం నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. చాలామందికి తాలింపు వాసన అస్సలు పడదు. ఆ కొన్ని వారాలు పొయ్యి దగ్గరి పని భర్త చూసుకుంటే ఆమెకు సగం బాధ తీరినట్టే. అలసట, నిద్రమత్తు, రొమ్ముల్లో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం కూడా మామూలే.

'ఇద్దరి తిండి తినాలి' అని బలవంతంగా పెట్టాల్సిన పని లేదు. తొలి మూడు నెలల్లో అదనపు తిండి అవసరం దాదాపు ఉండదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు తిన్నంత మేర చాలు. కుంకుమపువ్వు పాలు తాగినంత మాత్రాన బిడ్డ రంగు మారదు, అది తల్లిదండ్రుల జన్యువుల పని. పచ్చి బొప్పాయికి మాత్రం దూరంగా ఉండటమే మంచిది. మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపిస్తే సిగ్గుపడి దాచొద్దు.. రక్తహీనత ఉన్నవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. కాఫీ రోజుకు ఒకటి, రెండు కప్పులు దాటకూడదు. మద్యం, పొగాకు పూర్తిగా బంద్.

ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి వేసుకోవద్దు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పాలి, అవి బిడ్డకు ప్రమాదం. థైరాయిడ్, బీపీ, ఫిట్స్ మందుల సంగతి వేరు. భయపడి వాటిని సొంతంగా మానేస్తే అసలుకే మోసం.

గర్భం నిలవకపోతే..

గర్భం నిర్ధారణ అయ్యాక కూడా 100 మందిలో 10 నుంచి 20 మందికి అబార్షన్ అవుతుంది. వీటిలో ఎక్కువ శాతం తొలి 12 వారాల్లోనే. సగం కేసుల్లో కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. బిందె ఎత్తిందనో, బస్సెక్కిందనో, మెట్లెక్కిందనో కోడలిని తిట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మామూలు ఇంటిపని, ప్రయాణం వల్ల గర్భం పోదు. తప్పు ఆమెది కాదని ఇంట్లో ఒక్కరు గట్టిగా చెప్పినా ఆ సమయంలో ఎంతో ఊరట. గుట్టుగా ఉంచాలన్న పట్టింపుతో ఆ దుఃఖాన్ని ఆమె ఒంటరిగా మోయాల్సి వస్తోంది.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

చిన్న మరక కనిపించినంత మాత్రాన గర్భం పోయినట్టు కాదు, అయినా అదేరోజు చూపించుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపే గట్టిగా నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో అని అనుమానించాలి. ట్యూబ్ పగిలితే కడుపు లోపలే రక్తస్రావమై ప్రాణం మీదకొస్తుంది, బయటికి రక్తం కొద్దిగానే కనిపించొచ్చు. నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతూ మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా ఆగొద్దు. నొప్పితో పాటు రక్తం ఎక్కువగా పోతుంటే రాత్రయినా సరే 108కి ఫోన్ చేయాలి. ఎన్నో వారమో, ఆఖరి పీరియడ్ ఏ తేదీనో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉంటే ఆస్పత్రిలో చెప్పడానికి పనికొస్తుంది.