వెలుగుతో వ్రాసిన పేరుపలకలు

వాడరేవు అనే పేరులోనే కొంత చరిత్ర ఇమిడి ఉన్నది. ఓడలు ఆగే చోటు గనుక అది ఓడరేవు. వాడుకలో వాడరేవు అయినది. చీరాలకు కొద్ది కిలోమీటర్ల దూరాన, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ తీరగ్రామంలో ఒక దీపస్తంభం ఉన్నది. ఆ దీపం వెలిగి ఆరే తీరును బట్టి నావికుడు తాను ఏ తీరాన ఉన్నాడో గుర్తిస్తాడు. వర్తకానికి తోడ్పడిన వెలుగు సంకేతాలలో దీపస్తంభం మిక్కిలి పురాతనమైనది. కాని దానికి అక్షరాలు రావు. వెలుగుకు అక్షరాలు నేర్పడానికి విజ్ఞానశాస్త్రం చాలాకాలం శ్రమించవలసి వచ్చినది.

గాజుగొట్టంలో అక్షరాలు

1898లో లండనులో రామ్సే, ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు గాలి నుండి నియాన్ వాయువును వేరు చేశారు. గొట్టంలో తక్కువ పీడనంతో ఈ వాయువును నింపి, అధిక వోల్టేజితో విద్యుత్తును పంపితే ఎర్రని వెలుగు వస్తుంది. 1910లో జార్జి క్లాడ్ పారిస్ మోటారు ప్రదర్శనలో పెద్ద నియాన్ దీపాలను వెలిగించి చూపాడు. ఆ తరువాత గాజుగొట్టాన్ని వేడిచేసి అక్షరాల రూపంలో వంచి, దుకాణాల పేర్లు వ్రాయసాగారు. చూడటానికి అందంగానే ఉండేది. కాని పేరు మారితే గొట్టమే మారవలె.

చుక్కలలో అక్షరాలు

1962లో అమెరికాలో నిక్ హోలొన్యాక్ ఎర్రని కాంతినిచ్చే డయోడును తయారుచేశాడు. దీనినే మనం ఎల్.ఇ.డి. అంటున్నాము. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ ఎక్కువ శక్తి స్థాయి నుండి తక్కువ స్థాయికి దిగినప్పుడు, ఆ భేదం కాంతిగా వెలువడుతుంది. భేదం తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే నీలం. నీలికాంతికి తగిన గాలియం నైట్రైడు స్ఫటికాలను పెంచడం ఎంతో కష్టమైనది. అకసాకి, అమానో, నకమురా అనే జపాను శాస్త్రజ్ఞుల కృషి వలన 1990 దశకం తొలి సంవత్సరాలలో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. సాధ్యమైనది. అందుకు వారికి 2014లో నోబెల్ బహుమానం లభించింది. తొలినాటి ఎలక్ట్రానిక్ పలకలలో ఎరుపే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

మన బజారులలో విరివిగా వాడే ఎలక్ట్రానిక్ పలక ఒక చుక్కల గడి. ఒక సాధారణ రకపు గడిలో అడ్డంగా 32, నిలువుగా 16, మొత్తం 512 దీపాలు ఉంటాయి. ఒక్కొక్క దీపానికి వెలుగుట, ఆరుట అనే రెండే స్థితులు. కనుక పలకపై ఒక దృశ్యానికి 512 బిట్లు, అనగా 64 బైట్లు చాలు. దీపాల వరుసలు వంతులవారీగా వెలుగుతాయి. ఆ వేగాన్ని కన్ను పసిగట్టలేదు గనుక అన్నీ ఒకేసారి వెలిగినట్లు తోస్తుంది.

ఇక్కడ తెలుగుకు ఒక చిక్కు వచ్చినది. ఇంగ్లీషు అక్షరానికి అడ్డంగా 5, నిలువుగా 7 చుక్కలు చాలు. మనకో, గుడులు పైన, వత్తులు క్రింద. విద్యార్థులు గళ్ళ కాగితంపై 16 వరుసలలో ‘లక్ష్మీ’ అని వ్రాసి చూడవచ్చును. క్షకారం, దాని క్రింద మకారపు వత్తు, పైన దీర్ఘం ఇమడవలె. వత్తు ఒక ముద్దగా మారుతుంది. రెండు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి 32 వరుసలు చేస్తే గాని అక్షరం ఊపిరి పీల్చుకోదు.

తెరపై అక్షరాలు

డిజిటల్ పలక నిజానికి కంప్యూటరుకు తగిలించిన తెర. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు అక్షరాలకు సంఖ్యలు కేటాయించారు. ఆ సంఖ్యలను బట్టి వత్తులను, గుణింతాలను తగిన చోట అమర్చే పని కంప్యూటరుది. తెరలో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు ఉంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్ల వంతున ఒక్క దృశ్యానికి 62 లక్షల బైట్లు కావలె. అందుకే చీర అంచును కూడా అది చూపగలదు.

అయితే అన్నిటా తెరదే పైచేయి కాదు. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యవ వంతు కోణం వరకు రెండు చుక్కలను వేరుచేయగలదు. 10 మిల్లీమీటర్ల ఎడమున్న చుక్కలు సుమారు 34 మీటర్ల దూరంలో కలిసిపోతాయి. కనుక రోడ్డు మీద వెళ్ళేవానికి చుక్కల పలక చాలును. దగ్గర నిలబడి చూసేవానికి తెర కావలె. దుకాణం లోపల వాడే సాధారణ తెర ఎండలో వెలవెలబోతుంది. ఎండకు తట్టుకునే తెరకు ఖర్చు, విద్యుత్తు కూడా ఎక్కువ. ఉప్పుగాలి మాత్రం రెండింటికీ శత్రువే.

తీరంలో మరొక విచారణ

వాడరేవు వంటి చోట చూడవలసినది ఇంకొకటి ఉన్నది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు సాధారణంగా రాత్రివేళ బయటికి వచ్చి, వెలుగు ఎక్కువగా ఉన్న దిక్కుకు ప్రాకుతాయి. చీకటి తీరంలో ఆ దిక్కు సముద్రమే. ఒడ్డున తెల్లని తెర వెలుగుతుంటే అవి దారి తప్పి ఊరివైపు నడుస్తాయి. తెల్లవారేసరికి ఎండకో, కాకులకో, కుక్కలకో బలి అవుతాయి. వాటి కన్నులు నీలి, ఆకుపచ్చ కాంతులకు స్పందించినంతగా ఎరుపుకు స్పందించవు. నీలికాంతి లేని ఆ పాత ఎర్రచుక్కల పలక ఇక్కడ తక్కువ హాని చేస్తుంది. పలకను సముద్రం వైపు త్రిప్పకుండా, రాత్రి ప్రొద్దుపోయాక ఆర్పివేయడం మరింత మేలు.

చీరాల బజారులో తెర తగినదే కావచ్చును. వాడరేవు ఇసుక ఒడ్డున ఎర్రచుక్కలే తగినవి. పలకను కొనే వర్తకుడు దాని ధరతోపాటు, ఆ వెలుగు ఎంత దూరం వెళ్తుంది, ఎవరి కంట పడుతుంది అని కూడా విచారించవలె.