ఇనుప తీగ... వెండి దారం

తెల్లవారడానికి ఇంకా చాలా పొద్దుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాకు కాస్త దూరంలో, పెర్కియోమెన్ వాగు ఒడ్డున ఉన్న రాతి మేడలో ఓ యువకుడు పక్క మీంచి ఒక్క ఉదుటున లేచాడు. గుర్రానికి జీను వేయమని పురమాయించాడు. ఐదు మైళ్ల అవతల ఉన్న నారిస్‌టౌన్ దారి పట్టాడు.

ఊరు చేరేసరికి ఒక్క తలుపూ తెరవలేదు. కొట్లు తీసేదాకా వీధిలో నిలబడే ఓపిక అతనికి లేదు. నదికి పోయి స్నానం చేసి, మళ్లీ ఊళ్లోకి వచ్చి, మొదట తెరిచిన కొట్టులో దూరాడు. అడిగింది ఒకటే... తీగ. సన్నదీ లావుదీ, రకరకాల తీగ. అది చేతికందగానే గుర్రమెక్కాడు. మళ్లీ మేడ దగ్గరే దిగాడు.

కౌలుదారు భార్య ఫలహారం పెట్టబోయింది. తిండి వద్దు, తుపాకీ కావాలన్నాడు. ఈ అబ్బాయికి మతి చలించిందని ఆవిడ అనుకుంది. అతను వాగు దగ్గరికి పరుగెత్తాడు. కంటబడిన మొదటి లకుముకి పిట్టను కొట్టాడు. మన లకుముకికి దూరపు చుట్టం అది. నీలిబూడిద రంగు ఒళ్లు, మెడచుట్టూ తెల్లని పట్టీ, తల మీద రేగిన జుట్టులా కుచ్చు. దాన్ని ముక్కు పట్టుకుని ఇంటికి తెచ్చాడు. మిల్లు నడిపే మనిషిని పిలిచి, మెత్తని చెక్క పలక ఒకటి తెచ్చిపెట్టమన్నాడు. ఆయన పలకతో తిరిగొచ్చేసరికి ఇతను ఆకురాయితో తీగల కొసలు పదును పెడుతున్నాడు.

ఒక తీగను పిట్ట ఒంట్లోంచి గుచ్చి పలకకు దిగేశాడు. ఇంకో తీగను పైముక్కు మీదుగా పోనిచ్చి తల నిలబెట్టాడు. సన్న తీగలతో కాళ్లు సర్దాడు. అవి చాలకపోతే గుండుసూదులు అందుకున్నాడు. చివరి తీగ తోకను పైకెత్తింది. అంతే! అప్పటిదాకా చేతిలో వేలాడిన కళేబరం, కొమ్మ మీద వాలిన లకుముకి అయిపోయింది. వేలితో రెప్ప పక్కకు జరిపితే కన్ను ప్రాణమున్నట్టే మెరిసింది.

ఆకలి సంగతి మరిచిపోయి బొమ్మ పూర్తిచేశాడు. మిల్లు నడిపే మనిషి పక్కనే నిలబడి, ఆ సంతోషం చూసి తనూ సంతోషపడ్డాడు.

ఆ యువకుడు జాన్ జేమ్స్ ఆడుబన్. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లనాటి ఆ ఉదయాన్ని తర్వాతెప్పుడో అతనే రాసుకున్నాడు. ప్రకృతిని చూసి తాను నిజంగా గీసిన తొలి బొమ్మ అదేనన్నాడు. ఆ మేడ పేరు మిల్ గ్రోవ్. 1762లో కట్టిన ఆ ఇల్లు ఇప్పుడు పక్షుల చిత్రకళకు మ్యూజియం.

దాచిన పుట్టుక

ఆడుబన్ పుట్టింది 1785 ఏప్రిల్ 26న, ఈనాటి హైతీలోని లెకాయ్‌లో. తండ్రి ఫ్రెంచి నౌకాదళ అధికారి, చెరకు తోటల యజమాని. తల్లి ఆయనకు పెళ్లాడిన భార్య కాదు. కొడుకు పసిగుడ్డుగా ఉండగానే ఆమె కన్నుమూసింది. తండ్రి బిడ్డను ఫ్రాన్స్ తీసుకెళ్లాడు. అక్కడి భార్యతో కలిసి 1794లో చట్టప్రకారం దత్తత చేసుకున్నాడు. పుట్టుక గురించిన ఈ నిజాన్ని ఆడుబన్ జీవితమంతా దాచాడు. లూసియానాలో పుట్టానని చెప్పుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందుముందు దీనితో పని పడుతుంది.

1803లో అతనికి 18 ఏళ్లు. నెపోలియన్ సైన్యంలోకి పట్టుకుపోతారేమోనని తండ్రి అమెరికా ఓడ ఎక్కించాడు. న్యూయార్క్‌లో దిగగానే పచ్చజ్వరం పట్టింది. క్వేకర్ మతస్థులైన స్త్రీలు సాకి బతికించారు. అక్కడినుంచి మిల్ గ్రోవ్ చేరాడు. తండ్రి 1789లోనే కొని ఉంచిన ఆస్తి అది. అందులో సీసపు గని ఉంది. దాన్ని చూసుకొమ్మని పంపితే, కొడుకు పక్షుల వెంట పడ్డాడు.

అతని గదిని చూసిన కాబోయే బావమరిది ఒకరు తర్వాత రాసిపెట్టారు. గోడలకు లోపల ఖాళీ చేసిన గుడ్ల దండలు. పొయ్యిగూటి మీద గడ్డి కూరిన ఉడతలు, రకూన్లు. అరల్లో చేపలు, కప్పలు, పాములు, బల్లులు. ఎక్కడ చూసినా పక్షుల బొమ్మలు.

అయినా ఆ బొమ్మలతో అతనికి తృప్తి లేదు. చచ్చిన పిట్టను కాలికి దారం కట్టి వేలాడదీసి గీస్తే, అది కసాయి కొట్టులో వేలాడినట్టే ఉండేది. చెక్కతో, బెండుతో నమూనా పిట్టను చేసి చూశాడు. స్నేహితుడు పకపకా నవ్వాడు. ఆడుబన్ దాన్ని ఒక్క తన్ను తన్ని ముక్కలు చేశాడు. లకుముకి ఉదయం వచ్చింది దాని తర్వాతే.

గుహలో గూడు

అదే వాగు ఒడ్డున ఒక చిన్న గుహ ఉండేది. అందులో బురదతో, పాచితో కట్టిన గూడు. పిచ్చుకంత ఉండే ఫీబీ పిట్టల జంట అక్కడ కాపురం పెట్టింది. వాలినప్పుడల్లా తోక ఊపే పిట్ట, గాల్లో ఎగిరే పురుగుల్ని పట్టి తినే పిట్ట. ఆడుబన్ రోజూ అక్కడికి వెళ్లి కూర్చుని పుస్తకం చదువుకునేవాడు. మొదట బెదిరిన పిట్టలు తర్వాత అతన్ని రాయినో చెట్టునో చూసినట్టు చూడసాగాయి. పొరుగింటి అమ్మాయి లూసీ బేక్‌వెల్‌కు కూడా ఆ గుహ చూపించాడు. 1808లో ఆమే అతని భార్య అయింది.

చలికాలం రాగానే పిట్టలు కనిపించకుండా పోతాయి. ఎక్కడికి? చెరువు అడుగున బురదలో నిద్రపోతాయని నమ్మినవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. మళ్లీ వసంతంలో వచ్చేవి వెళ్లిన పిట్టలేనా? ఈ ప్రశ్న ఆడుబన్‌ను పట్టుకుంది.

1804లో గూట్లోని పిల్లల కాళ్లకు మామూలు దారం కట్టి చూశాడు. పిల్లలో, తల్లో ముక్కుతో లాగి పడేసేవి. వాటికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ కట్టాడు. అవి ఎగరబోయే ముందు, కాలికి నొప్పి తగలనంత వదులుగా, ఊడిపోనంత గట్టిగా, సన్నని వెండి దారం కట్టాడు. మరుసటేడు ఆ చుట్టుపక్కల గూళ్లు వెతికితే రెండు పిట్టల కాళ్లకు వెండి మెరిసిందని 30 ఏళ్ల తర్వాత పుస్తకంలో రాశాడు.

ఒకే కుర్రవాడు, ఒకే వాగు. తీగతో చచ్చిన పిట్టను బతికున్నట్టు నిలబెట్టాడు. దారంతో బతికున్న పిట్టను ఎగిరిపోనిచ్చాడు. మిల్ గ్రోవ్ కథంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

ఎలుకలు, అప్పులు, ఏనుగంత పుస్తకం

తీగ అతన్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్లింది. మిల్ గ్రోవ్ చేయిజారింది. కెంటకీ వెళ్లి వ్యాపారం పెట్టాడు. అక్కడి హెండర్సన్ ఊళ్లో ఓ చెక్కపెట్టెలో తన బొమ్మలన్నీ పెట్టి, బంధువుకు అప్పగించి ప్రయాణమయ్యాడు. కొన్ని నెలలకు తిరిగొచ్చి మూత తీస్తే, లోపల ఎలుకల జంట సంసారం! సుమారు 200 కాగితాలను కొరికి, ఆ ముక్కల మీదే పిల్లల్ని పెట్టాయి. తల్లోంచి మంట ఎగసినట్టయిందని రాసుకున్నాడు. చాలా రాత్రులు నిద్ర లేదు. తర్వాత ఒకరోజు తుపాకీ, పుస్తకం, పెన్సిళ్లు తీసుకుని అడవిలోకి నడిచాడు. మూడేళ్లు తిరక్కుండా పెట్టె మళ్లీ నిండింది.

1819లో వ్యాపారం దివాలా తీసింది. అప్పులకు జైలుపాలయ్యాడు. ఇల్లు గడపడానికి లూసీ పిల్లలకు చదువు చెప్పింది. మరుసటేడు అతను జోసెఫ్ మేసన్ అనే 13 ఏళ్ల పిల్లవాణ్ని వెంటబెట్టుకుని నది మీద బయల్దేరాడు. పిట్టను ఆడుబన్ గీస్తే, అది కూర్చున్న కొమ్మనూ పువ్వునూ ఆ పిల్లవాడు గీసేవాడు.

1826లో బొమ్మలు చంకన పెట్టుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. 1827 నుంచి 1838 దాకా అచ్చయిన ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’ అలా పుట్టింది. మొత్తం 435 చిత్రాలు. చాలావాటిని లండన్‌లో రాబర్ట్ హావెల్ రాగి రేకుల మీద చెక్కితే, మనుషులు కూర్చుని ఒక్కో కాగితానికి చేత్తో రంగులద్దారు. ఒక్కో కాగితం ఎత్తు దాదాపు మీటరు. ఎందుకంత? ప్రతి పక్షీ దాని నిజమైన కొలతలోనే ఉండాలని ఆడుబన్ పట్టుబట్టాడు. ఫ్లెమింగో అందులోనూ పట్టకపోతే మెడ కిందికి వంచి నీళ్లు చూస్తున్నట్టు గీశాడు. ఆ వంపే ఇవాళ ఆ బొమ్మకు అందం. 2010లో లండన్ వేలంలో ఒక ప్రతి 73 లక్షల పౌండ్లు పలికింది.

ఆ పుస్తకంలోని కొన్ని పక్షులు ఇప్పుడు పుస్తకంలోనే ఉన్నాయి. 1813లో కెంటకీలో పాసెంజర్ పావురాల గుంపు ఆకాశాన్ని కప్పేస్తూ మూడు రోజులపాటు ఆగకుండా సాగిపోవడం ఆడుబన్ చూశాడు. ఆ జాతిలో చిట్టచివరి పావురం మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. మన చిలకకు చుట్టమైన కెరొలైనా చిలక కూడా లేదు.

మేడ తలుపులు తెరిచాక

1813 నుంచి మిల్ గ్రోవ్ వెదరిల్ కుటుంబం చేతిలో ఉంది. వాళ్ల దగ్గర 1951లో స్థానిక కౌంటీ ప్రభుత్వం కొని, బాగుచేసి, మ్యూజియంగా తెరిచింది. లోపలి గోడల మీద జార్జ్ హార్డింగ్ వేసిన కుడ్యచిత్రాల్లో ఆడుబన్ బతుకూ అతని పక్షులూ నడుస్తాయి. అటక మీద అతని గదిని తిరిగి సిద్ధం చేశారు. 2019లో పక్కనే కొత్త భవనమూ వచ్చింది. ఫిలడెల్ఫియా శివార్లలో ఉండే మన తెలుగు కుటుంబాలకు ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లగలిగేంత దగ్గర.

ఆ పిల్లలకు ఏం చెప్పాలి? గొప్ప చిత్రకారుడని మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. హెండర్సన్‌లో ఉన్నప్పుడు ఆడుబన్ తొమ్మిది మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. 1819లో ఇద్దరు మనుషులతో పడవ నడిపించుకుని న్యూ ఆర్లియన్స్ వెళ్లి, పడవతోపాటు వాళ్లనూ అమ్మేశాడు. లకుముకి కంటి మెరుపును అంత తీక్షణంగా చూసిన మనిషి, తన పడవలో తెడ్డు వేస్తున్న మనుషుల కళ్లలోకి చూడలేకపోయాడు. అతని పేరు పెట్టుకున్న పక్షి సంఘాలు కొన్ని ఈ మధ్య ఆ పేరు వదిలేశాయి. జాతీయ సంఘం 2023లో చర్చించి అట్టే పెట్టుకుంది.

వెండి దారం కథ కూడా పరీక్షకు లోనైంది. 2018లో మాథ్యూ హాలీ అనే పక్షి పరిశోధకుడు పాత కాగితాలు తిరగేశాడు. పిట్టలు తిరిగొచ్చాయని చెప్పిన 1805 వసంతంలో ఆడుబన్ అమెరికాలోనే లేడు. ఆ మార్చిలో ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లి, 1806 మే నెలలో గానీ తిరిగి రాలేదు. పుట్టుక గురించి కథ అల్లినవాడు పిట్టల గురించీ అల్లి ఉండవచ్చు.

నాకు ఇది చదివినప్పుడు నిజంగా బాధేసింది. కానీ ఆ బాధలోనే ఒకటి తెలిసింది. అతను చూశానన్నది అబద్ధమైనా, అడిగిన ప్రశ్న నిజం. ఆ ప్రశ్న అతని చేయి దాటి బతికింది.

దారం తెగలేదు

1851లో ఆడుబన్ చనిపోయాడు. 1863లో లూసీ అతని అసలు చిత్రాలను 4,000 డాలర్లకు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీకి అమ్ముకుంది. రాగి రేకులు చాలావరకు తుక్కు కింద కరిగిపోయాయి. కొన్నిటిని మాత్రం ఒక కర్మాగారం మేనేజరు కొడుకు, 14 ఏళ్ల కుర్రవాడు, రేకు మీద పక్షిని గుర్తుపట్టి కాపాడాడు. ముసలితనంలో లూసీ చదువు చెప్పిన పిల్లల్లో జార్జ్ బర్డ్ గ్రినెల్ ఒకడు. టోపీల్లో ఈకల కోసం పక్షుల్ని ఊచకోత కోస్తున్న కాలంలో, 1886లో అతను ఆడుబన్ పేరుతో తొలి రక్షణ సంఘం పెట్టాడు.

ఆడుబన్ చివరి రోజులు గడిపిన న్యూయార్క్ ఎగువ మన్‌హటన్‌లో 2014 నుంచి చిత్రకారులు కొట్ల షట్టర్ల మీద, ఇళ్ల గోడల మీద పక్షుల్ని గీస్తున్నారు. వాతావరణ మార్పుతో ముప్పులో పడ్డ పక్షులే వాళ్ల జాబితా. ఆ బొమ్మలకు ఒక్క పిట్ట కూడా చావనక్కర్లేదు.

వెండి దారం అల్యూమినియం వలయం అయింది. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు గోరింకల జాతి పిట్టల కాళ్లకు అంకెలున్న వలయాలు తొడిగాడు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఫీబీ పిట్టలు పాత గూటి చోటుకే తిరిగొస్తాయని వలయాలే నిరూపించాయి.

1956లో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఆల్బట్రాస్ కాలికి వలయం తొడిగి వదిలేశాడు. 2002లో అదే దీవికి మళ్లీ వెళ్లాడు. గూళ్ల మధ్య ఒక పక్షిని పట్టుకుని, కాలి మీది అంకె రాసుకున్నాడు. ఆ అంకె పట్టుకుని పాత లెక్కల్లోకి వెనక్కి, ఇంకా వెనక్కి వెళితే మొదటి పేజీలో తన చేతి పనే కనిపించింది. మధ్యలో 46 ఏళ్లు. రాబిన్స్ 2017లో కన్నుమూశాడు. విజ్డమ్ అని పేరు పెట్టిన ఆ పక్షి మాత్రం 2024 చివర్లో కూడా మిడ్‌వేకు వచ్చి గుడ్డు పెట్టింది.

పెర్కియోమెన్ ఒడ్డున ఆ కుర్రవాడు చూశానని రాసుకున్నది, రాబిన్స్ చూశాడు.