ఉరుముల రాత్రి పుట్టిన బస

1909 ఆగస్టు 26. జర్మనీలో బ్రోల్ అనే చిన్న ఏటి లోయలో కుంభవృష్టి. ఆల్టెనా ఊరి బడిపంతులు రిచర్డ్ షిర్మన్, ఆయన వెంట నడుస్తున్న బడి పిల్లలు ఆ వానలో చిక్కుకున్నారు. ఆల్టెనా నుంచి ఆఖెన్ నగరం దాకా ఎనిమిది రోజుల కాలినడక అది. పిల్లలకు చెట్టునూ వాగునూ కళ్లారా చూపించి పాఠం చెప్పాలని పట్టుబట్టిన మనిషి షిర్మన్. చీకటి పడే వేళకు ఒక పల్లెలో సెలవులకు మూతబడిన బడి వాళ్లకు దొరికింది. ఒక రైతు పరుచుకోవడానికి గడ్డి, తాగడానికి పాలు ఇచ్చాడు. పిల్లలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. ఉరుముల మధ్య పంతులుగారికి మాత్రం కంటిమీద కునుకు లేదు.

ఆ రాత్రి మేలుకుని కూర్చున్న ఆయనకు ఒక ఊహ తట్టింది. దాదాపు ప్రతి ఊళ్లోనూ బడి ఉంది. సెలవుల్లో అది ఖాళీగా ఉంటుంది. ఒక రోజు నడకకు ఒక బడి చొప్పున ఎంచుకుని, బల్లలు పక్కకు జరిపి, గడ్డి పరుపులు వేస్తే, జేబులో పెద్దగా డబ్బులేని పిల్లలు కూడా దేశాన్ని నడిచి చూడవచ్చు. మరుసటి ఏడాది ఆయన ఈ ఆలోచనను వ్యాసంగా రాశారు. అది చదివి చాలామంది చందాలు పంపారు. విల్‌హెల్మ్ మ్యూంకర్ అనే ప్రకృతి ప్రేమికుడు డబ్బు కూడబెట్టే పని, సంఘం నడిపే పని భుజాన వేసుకున్నాడు. 1912లో ఆల్టెనా కొండమీది పాత కోటలో శాశ్వతమైన యూత్ హాస్టల్ వెలిసింది. ఒకదాని మీద ఒకటిగా కట్టిన ఆనాటి చెక్క మంచాలను ఆ కోట మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు.

ఏన్కూరులో కూర్చుని ఈ కథ చదివితే నాకు మా రోడ్డే కళ్లముందు కదులుతుంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి రామయ్యను చూడ్డానికి నడిచి పోయేవాళ్లు మిరప చేలు, పత్తి చేలు దాటుకుంటూ సాగుతారు. ఎక్కడ చీకటి పడితే అక్కడే వాళ్ల మజిలీ. గుడి మండపమో, బడి వరండానో, ఎవరో దాత వేయించిన షామియానానో దొరుకుతుంది. ఊరివాళ్లు మజ్జిగ పోస్తారు, పులిహోర పొట్లాలు పంచుతారు. తండాలో అయినా గూడెంలో అయినా మనిషి వస్తే ముందు మంచం వాల్చి, చెంబుతో మంచినీళ్లు అందించి, ఆ తర్వాతే ఏ ఊరని అడుగుతారు. షిర్మన్ ఆ రాత్రి జర్మన్ పల్లెలో పొందింది ఇలాంటి ఆదరణే. దాన్ని ఏడాది పొడవునా, ఎవరికైనా, ఎక్కడైనా దొరికే ఏర్పాటుగా మార్చాలన్న పట్టుదల మాత్రం ఆయనది.

ఆ ఏర్పాటు సరిహద్దులు దాటి వేగంగా పాకింది. 1931లో ఐర్లండ్‌లో 'అన్ ఓయిగె' పేరుతో యూత్ హాస్టళ్ల సంఘం ఏర్పడింది. ముందుండి నడిపినవారిలో టెర్రీ ట్రెంచ్ ఒకరు. డబ్లిన్‌కు దక్షిణాన విక్లో కొండల్లో, డాన్ అనే సరస్సు దగ్గర వాళ్ల తొలి హాస్టల్ తెరుచుకుంది. డబ్లిన్ కుర్రకారు శనివారం మధ్యాహ్నం సైకిలెక్కి పోయి, రాత్రి అక్కడ పడుకుని, ఆదివారం కొండలెక్కి వచ్చేవారు. తర్వాతి ఏడాది, 1932లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో అనేక దేశాల సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. దానికి షిర్మనే అధ్యక్షుడు. 1936లో నాజీ ప్రభుత్వం ఆయన్ని ఆ పదవి నుంచి బలవంతంగా తప్పించింది. యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ హాస్టళ్ల పని అందుకున్నారు. 1961లో కన్నుమూశారు.

ఐర్లండ్‌లో ఈ మొక్క అంత త్వరగా నాటుకోవడానికి అక్కడి నేల స్వభావం కూడా కారణమని నా నమ్మకం. ఇంగ్లీషువాళ్ల పాలనకు ముందు ఐరిష్ సమాజం బ్రెహన్ చట్టాల కింద నడిచేది. ఆ చట్టాలు అతిథిని ఆదరించడాన్ని కర్తవ్యంగా పెట్టాయి. ఆశ్రయం అడిగినవాణ్ణి కారణం లేకుండా తిప్పి పంపితే నేరం, పరిహారం కట్టాలి. 'బ్రూగు' అనే పెద్ద రైతు ఉండేవాడు. వచ్చినవాళ్లందరికీ తిండీ నిద్రా చూపడం అతని బాధ్యత. పొయ్యి మీద కొప్పెర ఎప్పుడూ దిగకూడదు. అందుకు ప్రతిఫలంగా అతనికి సమాజంలో చిన్న రాజుకు దీటైన గౌరవం దక్కేది. అన్నం పెట్టిన చేతికి రాజు పక్కన పీట వేసిన ఆ చట్టం గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ దేశపు ఆతిథ్యం మన తెలుగు నేల మీద కూడా ఒకసారి గొప్ప ఫలం ఇచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్, రోస్‌కామన్ ప్రాంతంలో పుట్టిన ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ 1915లో భారతదేశం వచ్చారు. జేమ్స్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో ప్రిన్సిపాల్ అయ్యారు. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణాది పర్యటనలో అలిసిపోయి, విశ్రాంతి కోసం వాళ్ల దగ్గరికి చేరారు. కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు వారానికొక సాయంత్రం కలిసి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. ఆ కూటమిలో కవి తన 'జనగణమన' పాడారు. విద్యార్థులు పల్లవి అందుకున్నారు. ఆ బసలోనే ఆయన ఆ గీతానికి ఇంగ్లీషు అనువాదం రాశారు. పాశ్చాత్య సంగీతం నేర్చిన మార్గరెట్ దాని వరసకు స్వరలిపి కట్టారు. అలిసి వచ్చిన అతిథికి ఆ దంపతులు ఒక గది, కాస్త నెమ్మది, ఒక పాటల సాయంత్రం ఇచ్చారు. ఆ కొద్దిరోజుల్లో జరిగింది దేశానికంతటికీ మిగిలింది.

అతిథిని ఆదరించే విషయంలో తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి రుద్రమదేవి కాలపు శాసనం ఉంది. బడి, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, వాటితో పాటు అన్నసత్రం గురించి అది చెబుతుంది. బ్రాహ్మణుడి మొదలు చండాలుడి దాకా వచ్చినవారెవరికైనా ఆ సత్రంలో అన్నం పెట్టాలని అందులో చెక్కించారు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రా చరిత్రలో మజిలీ మజిలీకీ దిగడానికి స్థలం ఉందా, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని ఓపికగా రాసుకుంటూ పోయారు. వెనకొచ్చేవాళ్లకు ఆ రాత దారి చూపింది. ఇక కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. ఏ వేళ వచ్చినవాళ్లకైనా ఆ ఇంట విస్తరి పడేది. ఆమె 1909లోనే కన్నుమూశారు. బ్రోల్ లోయలో ఆ వాన కురిసిందీ అదే ఏడాది. ఈ రెండూ ఒకే సంవత్సరంలో పడడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది.

సీతమ్మగారి ఆదరణ ఒక మనిషి గుండెలోంచి వచ్చింది. ఆ ఇల్లు నిలిచినంతకాలం అది నిలిచింది, ఆ కుటుంబం తన ఆస్తిని దానికి ధారపోసింది. షిర్మన్ ఏర్పాటులో యజమాని ఆస్తితో పనిలేదు. అతిథి కొద్ది డబ్బు కడతాడు, తన దుప్పటి తానే తెచ్చుకుంటాడు, తిన్న గిన్నె కడుక్కుంటాడు, పొద్దున్నే గది ఊడ్చి వెళతాడు. తొలినాళ్ల హాస్టళ్లలో వార్డెన్ ప్రతివారికీ ఏదో ఒక పని అప్పగించేవాడు. కట్టెలు తేవాలి, బంగాళాదుంపల పొట్టు తీయాలి, మెట్లు తుడవాలి. కారులో దిగినవారికి చోటు లేదు, నడిచో సైకిలు తొక్కో రావాలి. ఎవరికీ ఎవరి రుణమూ లేకపోవడంతో పేదింటి పిల్లలు కూడా తలెత్తుకుని ఆ గుమ్మం తొక్కారు. షిర్మన్ కనిపెట్టినదాంట్లో అసలు గొప్ప ఇదేనని నేననుకుంటాను.

ఇప్పుడు మన పిల్లలు ఐర్లండ్ పోతున్నారు. పీజీ చదివాక రెండేళ్ల వరకు ఉద్యోగం చేసుకునే వీలుందని డబ్లిన్ ఎంచుకునేవాళ్లు ఎక్కువ. విమానం దిగాక చాలామందికి తొలి రాత్రులు హాస్టల్ గదిలో, పైమెట్టు మంచం మీద గడుస్తాయి. డబ్లిన్‌లో మౌంట్‌జాయ్ వీధిలోని పాత కాన్వెంట్ భవనంలో అన్ ఓయిగె హాస్టల్ ఏళ్ల తరబడి నడిచింది. ఇలాంటి హాస్టళ్లలో ఒకే వంటగదిలో ఒకరు పాస్తా ఉడికిస్తుంటే పక్కన మనవాళ్లు పప్పు తిరగమోత పెడతారు. గిన్నె ఎవరిది వాళ్లే తోముకోవాలి. ఇంట్లో అమ్మ చేతి కంచం అలవాటైన కుర్రాడికి అదే మొదటి పాఠం.

బయట చూసినవి ఇంకా ఆశ్చర్యం. బస్సు దిగేవాళ్లు డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పి దిగుతారు. ఎవరింటికైనా వెళితే టీ తాగుతారా అని అడుగుతారు. వద్దంటే మళ్లీ అడుగుతారు, మూడోసారి కూడా అడుగుతారు. అక్కడ పుట్టిపెరిగినవాళ్లు కూడా మొదట వద్దంటారు, తర్వాతే కప్పు అందుకుంటారు. ఈ మొహమాటం మనకెంత తెలిసినదో చెప్పనక్కర్లేదు. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న ఆ నగరంలో 'డిగ్స్' అనే పాత పద్ధతి మళ్లీ ఆసరా అయింది. ఇంటివాళ్లు తమతో పాటే ఉంటూ చదువుకునే విద్యార్థికి ఒక గది ఇస్తారు. కొందరు భోజనం కూడా పెడతారు. ఇలా అద్దెకిచ్చిన గది మీద ఏడాదికి 14,000 యూరోల దాకా అక్కడి ప్రభుత్వం పన్ను వేయదు. మధ్య వయసు దంపతుల ఇంట్లో, సొంత పిల్లలు వేరే ఊళ్లకు వెళ్లిపోయి ఖాళీ అయిన గదిలో, తెలుగు విద్యార్థి చదువుకుంటాడు.

అదే నగరంలో 2025 జులై నుంచి భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులకు ఆ నెలల్లో గుండెలు చేతిలో పట్టుకున్నట్టే ఉండింది. ఈ చేదును దాచి ఐరిష్ ఆతిథ్యాన్ని పొగడడం నాకిష్టం లేదు. దాడులను ఖండిస్తూ ఆ దేశపు పౌరులు వీధుల్లోకి వచ్చి మనవాళ్ల పక్కన నిలబడిన మాట కూడా చెప్పాలి.

మన దేశంలోనూ యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఉంది. హిమాలయాల్లో దాని శిబిరాలకు, ముఖ్యంగా కసోల్ నుంచి సాగే నడకలకు, తెలుగు విద్యార్థులు ఏటా వెళతారు. మన అడవి దారుల్లో మాత్రం అలాంటి గొలుసు లేదు. కనకగిరి గుట్టలున్నాయి, కిన్నెరసాని ఉంది, భద్రాద్రి దాటితే పర్ణశాల. ఇవన్నీ నడిచి చూడదగ్గవి. హైదరాబాద్ కుర్రాళ్లు కారులో పొద్దున వచ్చి సాయంత్రానికి వెనుదిరుగుతారు.

షిర్మన్ పథకం ఇక్కడ అమలు చేయాలంటే ఒక మార్పు అవసరం. జర్మనీలో వేసవి సెలవులు నడకకు అనువైన కాలం. మా దగ్గర మే నెల ఎండలో ఎవరూ నడవలేరు, పిల్లలు అసలే నడవకూడదు. మనకు దసరా, సంక్రాంతి సెలవులు సరైన సమయం. అప్పుడు వాగుల్లో నీళ్లుంటాయి, బడులు ఖాళీగా ఉంటాయి. తల్లాడలో ఒక బడి, ఏన్కూరులో ఒకటి, జూలూరుపాడులో ఒకటి తీసుకుంటే చాలు. ఆడపిల్లలకు వేరుగా గది, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి కాపలాకు ఊరి మనిషి, వంటకు స్వయం సహాయక సంఘం మహిళలు. వచ్చినవాళ్లు కొద్దిపాటి రుసుము కట్టి, పొద్దున్నే గది ఊడ్చి తాళంచెవి అప్పగించి వెళ్లాలి. ఆ రుసుములో సగం బడికి, సగం వంట చేసినవాళ్లకు. బళ్లు ఉన్నాయి, వంట చేసే చేతులున్నాయి. సెలవుల్లో ఆ తాళం తీయడానికి అనుమతి, బాధ్యత తీసుకునే ఒక పంతులు కావాలి.