ఇంజిన్ ట్రబుల్ కోడ్

కారు ఇంజిన్ కంప్యూటర్ తాను పసిగట్టిన లోపాన్ని మెమరీలో రాసుకునే అయిదక్షరాల గుర్తు. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగితే అలాంటి కోడ్ ఒకటి చేరినట్టే. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ (బండిలోనే ఉండే లోప నిర్ధారణ వ్యవస్థ) సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే అది తెరమీదికి వస్తుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఈ వ్యవస్థ రెండో తరమైన ఓబీడీ-2 తప్పనిసరి.

తరచూ కనిపించే పి0301నే తీసుకుంటే, పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. 0 అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని, 3 ఇగ్నిషన్, మిస్‌ఫైర్ల వరస అని. చివరి 01 ఒకటో సిలిండర్. అక్కడ ఇంధనం సరిగా మండటం లేదన్నమాట. ఎందుకన్నది మాత్రం కోడ్ చెప్పదు; చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తప్పు స్పార్క్ ప్లగ్గుదా, కాయిల్‌దా, ఇంజెక్టర్‌దా, లేక కంప్రెషనే తగ్గిందా?

సిలిండర్‌కొక కాయిల్ ఉన్న ఇంజిన్‌లో మెకానిక్కులు ఒకటో కాయిల్‌ను, రెండోదాన్ని అటూఇటూ మార్చి బండి నడిపి చూస్తారు. కోడ్ పి0302గా మారితే దొంగ కాయిలే. మారకపోతే ప్లగ్గు, ఆపైన ఇంజెక్టర్.

లైటు ఆగి ఆగి వెలుగుతుంటే బండి ఆపాల్సిందే. మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, దాన్ని విపరీతంగా వేడెక్కించి పాడుచేస్తుంది.