ఫ్లాట్ అద్దెకు ఇస్తున్నారా? సీసీ కెమెరా ఒక్కటే సరిపోదు.. ఓనర్లు ఇవి తెలుసుకోవాల్సిందే!

అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగితే అందరూ ముందు అడిగేది.. కెమెరా ఉందా? ఉంది. పనిచేస్తోందా? ఇక్కడే చాలా అసోసియేషన్లు నీళ్లు నములుతాయి. పోలీసులు ఆ తర్వాత అడిగే ప్రశ్న ఓనర్లకు ఇంకా ఇబ్బంది.. "ఆ ఫ్లాట్‌లో ఎవరుంటున్నారు?"

"బ్రోకర్ చూసుకున్నాడండీ" అంటే కుదరదు. ముఖ్యంగా అమెరికాలోనో, వేరే ఊళ్లోనో ఉంటూ హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఫ్లాట్లు అద్దెకు ఇచ్చేవాళ్లు ఇది గమనించాలి. అద్దెకు దిగినవాళ్ల వివరాలు ఇవ్వాలని పోలీసు కమిషనర్ ఉత్తర్వులు ఇచ్చిన చోట, ఇవ్వని ఓనర్‌పై భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223 కింద కేసు పెట్టొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా రూ.2,500 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రాణాపాయం లాంటి తీవ్రత ఉంటే ఏడాది, రూ.5,000 వరకు. పాత ఐపీసీ 188లో మామూలు కేసుకు నెల రోజులు, రూ.200 మాత్రమే ఉండేది.

ఆధార్ జిరాక్స్ తీసుకుని బీరువాలో పెట్టేస్తే వెరిఫికేషన్ అయిపోయినట్టు కాదు. ఫొటో, ఫోన్ నంబర్, సొంతూరి అడ్రస్, పనిచేసే చోటు.. ఇవన్నీ లోకల్ స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు దగ్గర ఉంచుకోవాలి. అద్దెకు దిగేది విదేశీ విద్యార్థి అయితే 24 గంటల్లో అధికారులకు వివరాలు ఇవ్వాలి. ఇది హోటళ్లకే అనుకుంటారు కానీ ఇళ్ల ఓనర్లకు కూడా వర్తిస్తుంది.

ఇక వాచ్‌మన్. తక్కువ జీతానికి దొరికాడని పెట్టేసుకోవడమే ఎక్కువ. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఆ ఏజెన్సీకి లైసెన్స్ ఉండాలి. గార్డుకు 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, నడవడికపై వెరిఫికేషన్, ఫొటో ఐడీ కార్డు తప్పనిసరి. అగ్రిమెంట్‌పై సంతకం పెట్టేముందే లైసెన్స్ చూపించమనండి. తటపటాయిస్తే ఇంకో ఏజెన్సీ చూసుకోవడం మేలు.

కెమెరాల విషయానికొస్తే, జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఆసుపత్రుల్లాంటి చోట్ల ఫుటేజీ 30 రోజులు ఉంచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఉమ్మడి ఏపీలో వచ్చిన చట్టమిది. అపార్ట్‌మెంట్లు కూడా ఇదే లెక్క పెట్టుకుంటే మంచిది. వారం రోజులకే చెరిగిపోయే రికార్డింగ్ ఉంటే, సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చినవాళ్లకు ఏం లాభం? గేటు ఒక్కటే కాదు.. లిఫ్ట్, సెల్లార్, టెర్రస్ మెట్లు కూడా కెమెరాలో పడాలి.

ఏపీలో అయితే ఇంటికి తాళం వేసే ముందు పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ యాప్‌లో రిక్వెస్ట్ పెట్టొచ్చు. సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు, లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ వెళ్తుంది. సర్వీసు ఉచితం. అనుమానం వస్తే ముందు డయల్ చేయాల్సింది 112కే, అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో పోస్ట్ తర్వాత పెట్టుకోవచ్చు.